చలి ప్రాంతంలో క్యాంపర్ వ్యాన్ బ్యాటరీ: అప్పు చేయవలసిన ఖర్చేనా?

ప్రశ్న: మేము అమెరికాలోని మినియాపోలిస్‌లో ఉంటున్నాం. నేను హెచ్-1బీ వీసాపై ఉద్యోగం చేస్తున్నాను. ఇంట్లో సంపాదన నాదొక్కడిదే. ఒక పాప. నెల ఖర్చు 4,500 డాలర్లు, అత్యవసర నిధిగా 14,000 డాలర్లు ఉన్నాయి. నిరుడు ఒక పాత క్యాంపర్ వ్యాన్ కొన్నాం. ఏడాదికి పాతిక రాత్రులు అందులో గడపాలని ఆశ. వాటిలో పది దాకా చలికాలంలో, డులూత్ దాటి లేక్ సుపీరియర్ ఒడ్డున. లోపలి లైట్లు, ఫ్రిజ్, హీటరు నడిపే బ్యాటరీలు పాడయ్యాయి. 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్లు, బ్యాటరీలో పట్టే కరెంటుకు కొలత) ఏజీఎం (సీలు వేసిన లెడ్-యాసిడ్ రకం) బ్యాటరీలు రెండు 500 డాలర్లు, 200 ఏహెచ్ లిథియం 600, తనను తాను వేడి చేసుకునే 200 ఏహెచ్ లిథియం 850 అన్నారు. వ్యాన్ నడుస్తుండగా ఇంజను కరెంటుతో ఈ బ్యాటరీని నింపే డీసీ-డీసీ చార్జరు, వైర్లు, ఫ్యూజులు, బిగింపు కూలికి మరో 900. బిగించే ఆయన మాత్రం 400 ఏహెచ్‌తో మొత్తం వ్యవస్థను 6,500 డాలర్లకు పెట్టించుకోమని, 14 శాతం వడ్డీకి అయిదేళ్ల అప్పు ఇప్పిస్తానని, 30 శాతం పన్ను రాయితీ కూడా వస్తుందని చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ధరలన్నీ ఉన్నాయి గానీ, ఒక రాత్రికి మీకు ఎంత కరెంటు కావాలో లేదు. ముందు అది తేలితే తప్ప ఏది చవకో, ఏది ఖరీదో చెప్పలేం. డీజిల్ హీటరు చలిరాత్రి పద్నాలుగు గంటలు నడిస్తే సుమారు 25 ఏహెచ్, చలికాలంలో ఫ్రిజ్‌కు 20, లైట్లు, నీటి పంపు, ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్‌కు మరో 20 వేసుకుందాం. రోజుకు 65. శుక్రవారం సాయంత్రం బయలుదేరి ఆదివారం తిరిగి వచ్చే ప్రయాణానికి 130 అవుతుంది. మీ హీటరు, ఫ్రిజ్‌ల మీద రాసి ఉన్న అంకెలతో ఈ లెక్కను ఒకసారి సరిచూసుకోండి.

ఇప్పుడు చలి సంగతి. మినియాపోలిస్‌లో జనవరి రాత్రుల సగటు ఉష్ణోగ్రత మైనస్ 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. క్యాంపర్ వ్యాన్లలో వాడే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ మైనస్ 20 దాకా కరెంటు ఇవ్వగలదు గానీ, సున్నా కంటే దిగువన చార్జింగ్ తీసుకోకూడదు. చలిలో చార్జ్ చేస్తే లిథియం గ్రాఫైట్ పొరల్లోకి ఇంకకుండా పైన లోహంగా పేరుకుంటుంది. అలా పోయిన సామర్థ్యం మళ్లీ రాదు, లోపల షార్ట్ అయ్యే ప్రమాదమూ ఉంది. అందుకే మంచి బ్యాటరీల్లోని బీఎంఎస్, అంటే బ్యాటరీని కాపలా కాసే సర్క్యూట్, సున్నా దగ్గర చార్జింగ్‌ను ఆపేస్తుంది. చవక రకాల్లో కొన్నింటికి ఈ కాపలా ఉండదు. అలాంటిది సగం ధరకు వచ్చినా మీరున్న చోట కొనవద్దు.

600 డాలర్ల బ్యాటరీకీ 850 డాలర్ల బ్యాటరీకీ మధ్య ఉన్న 250 డాలర్ల విలువ ఇక్కడే తెలుస్తుంది. వారమంతా బయట గడ్డకట్టే చలిలో నిలిపిన వ్యాన్‌ను శుక్రవారం సాయంత్రం తీస్తారు. డులూత్‌కు సుమారు 150 మైళ్లు, రెండున్నర గంటల ప్రయాణం. 30 ఆంపియర్ల డీసీ-డీసీ చార్జరు ఆ సమయంలో 75 ఏహెచ్ నింపగలదు. కానీ పాతిక కిలోల బ్యాటరీ లోపలిదాకా మంచులా ఉంటుంది కాబట్టి, హీటరు వేసినా అది సున్నా దాటడానికి గంటలు పడుతుంది. వేడి చేసుకునే ఏర్పాటు లేని బ్యాటరీలోకి ఆ దారి పొడవునా ఏమీ ఎక్కదు. ఆదివారం తిరుగు ప్రయాణంలో మాత్రం, రెండు రోజులు వ్యాన్ వెచ్చగా ఉంది కాబట్టి, 75 ఎక్కుతుంది. ఖర్చు 130, జమ 75. ప్రతి ప్రయాణానికీ 55 లోటు పడితే మూడో ప్రయాణం మధ్యలోనే హీటరు ఆగిపోతుంది. వేడి చేసుకునే రకం మొదటి గంట తనను తాను వేడెక్కించుకోవడానికి తీసుకున్నా, మిగిలిన గంటన్నరలో 45 ఎక్కించుకుంటుంది. అప్పుడు లోటు పదికి తగ్గుతుంది. శనివారం హైవే 61 మీద గ్రాండ్ మరాయ్ వైపు కాసేపు తిరిగితే అదీ పూడుతుంది. డిసెంబరులో అక్కడ పగలు తొమ్మిది గంటలైనా ఉండదు, పైకప్పు మీద మంచు పడుతుంది, అందుకే సోలార్ ప్యానెళ్లను చలికాలపు లెక్కలోకి నేను తీసుకోలేదు. పాపతో వెళ్లే మనిషికి మైనస్ 13లో హీటరు ఆగకపోవడానికి, ఎనిమిదేళ్లకు పంచితే ఏడాదికి 31 డాలర్లు, అది సరైన ఖర్చేనని నా నమ్మకం.

500 డాలర్ల ఏజీఎం మాటేమిటని అడుగుతారేమో. దానికి ఒక మంచి గుణం ఉంది, సున్నా కంటే దిగువన కూడా చార్జింగ్ తీసుకుంటుంది. అయితే ఎక్కువ కాలం మన్నాలంటే 200లో సగమే వాడాలి, ఆ వందలోనూ చలి అయిదో వంతు తినేస్తుంది. మిగిలే 80 మీ 130కి చాలదు. చాలేలా కొంటే నాలుగు కావాలి, వెయ్యి డాలర్లు, దాదాపు 120 కిలోల బరువు. పైగా ఏజీఎంలో చివరి అయిదో వంతు నిండడానికి గంటల కొద్దీ పడుతుంది. రెండున్నర గంటల ప్రయాణంతో అది ఎన్నడూ పూర్తిగా నిండదు, అలా వెలితిగా ఉంచితే పలకల మీద సల్ఫేట్ పేరుకుని చెడిపోతుంది. బాగా దిగిపోయిన స్థితిలో వదిలేస్తే మైనస్ 10 దగ్గరే లోపలి ద్రవం గడ్డకట్టి పెట్టె పగలవచ్చు. లిథియం మూడు వేల సార్లు చార్జ్ అవుతుందన్న ప్రకటనకు మాత్రం మీరు ఒక్క డాలరు కూడా అదనంగా ఇవ్వనక్కరలేదు. ఏడాదికి పాతిక రాత్రుల చొప్పున పదేళ్లు తిరిగినా మీ వాడకం 250 సార్లు దాటదు.

ఇక 6,500 డాలర్ల మాట. 14 శాతం వడ్డీకి అయిదేళ్లంటే నెలకు 151 డాలర్ల వాయిదా, మొత్తం చెల్లింపు 9,070 డాలర్లకు పైనే, అందులో వడ్డీయే 2,570. ఎనిమిదేళ్లలో మీరు గడిపే 200 రాత్రులకు పంచితే రాత్రికి 45 డాలర్లు బ్యాటరీకే పోతాయి. 850, 900 కలిపిన 1,750 డాలర్లను అలాగే పంచితే రాత్రికి 9 డాలర్ల లోపే. అంత పెద్ద బ్యాటరీ వ్యాన్‌లోనే కాపురం ఉండేవారికి అవసరం. ఆయన చెప్పిన 30 శాతం రాయితీ, ఇళ్లలో స్వచ్ఛ విద్యుత్తు ఏర్పాట్లకు ఇచ్చేది, ఒకప్పుడు నిజమే. బ్యాటరీకి కనీసం 3 కిలోవాట్ అవర్ల సామర్థ్యం ఉండాలన్న షరతూ అందులో ఉండేది. కానీ 2025లో వచ్చిన చట్టం ప్రకారం ఆ సంవత్సరం డిసెంబరు 31 తర్వాత చేసిన ఖర్చుకు అది వర్తించదు. ఆ రాయితీ వస్తుందని నమ్మి సంతకం చేస్తే దాదాపు రెండు వేల డాలర్ల లెక్క తప్పుతుంది.

అత్యవసర నిధిని దీనికోసం ముట్టుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మీ 14,000 డాలర్లు మూడు నెలల ఖర్చుకు సరిపోతాయి. హెచ్-1బీ ఉద్యోగం పోతే కొత్త ఉద్యోగం వెతుక్కోవడానికి ఉండే గడువు గరిష్ఠంగా 60 రోజులు. ఆలోగా దొరక్కపోతే ముగ్గురి విమాన టికెట్లు, ఇంటి లీజు తెంచుకున్నందుకు కట్టే సొమ్ము, సామాను రవాణా, అన్నీ ఆ నిధిలోంచే రావాలి. ఒక్కరి సంపాదన మీద నడిచే ఇంటికి ఆరు నెలల ఖర్చు, అంటే 27,000 డాలర్లు, ఉండాలన్నది నా అభిప్రాయం. ఆ నిధికి నెలనెలా వేసే మొత్తాన్ని ఆపకుండా, బ్యాటరీ కోసం వేరే ఖాతాలో మార్చి నుంచి నెలకు 250 డాలర్లు వేయండి. సెప్టెంబరు చివరికి 1,750 అవుతాయి, చలి మొదలయ్యేలోపు బిగించుకోవచ్చు. ఈ వేసవి రాత్రులను కరెంటు పాయింటు ఉన్న క్యాంపుల్లో గడపండి.

డబ్బు కట్టే ముందు బిగించే ఆయన నుంచి మూడు సంగతులు రాతపూర్వకంగా తీసుకోండి. బ్యాటరీని వ్యాన్ అడుగున కాక లోపల, వెచ్చగా ఉండే చోట బిగిస్తారా అన్నది ఒకటి. అది చార్జరు నుంచి వచ్చే కరెంటుతోనే వేడెక్కుతుందా, లేక తనలోని కరెంటును వాడుకుంటుందా అన్నది రెండోది. తనలోనిది వాడుకునే రకమైతే నెల రోజులు కదలకుండా నిలిపిన వ్యాన్‌లో అది తనంతట తానే దిగిపోతుంది కాబట్టి, ఆపడానికి స్విచ్ తప్పనిసరి. ఇంజనుతో తిరుగుతూ కరెంటు పుట్టించే ఆల్టర్నేటరుకూ బ్యాటరీకీ మధ్య డీసీ-డీసీ చార్జరు తప్పక ఉంటుందన్న హామీ మూడోది. అది లేకుండా నేరుగా కలిపితే లిథియం ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగి ఆల్టర్నేటరును కాల్చేయగలదు, ఆ మరమ్మతు ఖర్చు మీ లెక్కలో ఎక్కడా లేదు. బిగింపు పూర్తయ్యాక రసీదులు జతచేసి వాహన బీమా సంస్థకు తెలియజేయండి, అదనంగా అమర్చిన పరికరాలకు మీ పాలసీ వర్తిస్తుందో లేదో వారి నుంచి కాగితం మీద తెప్పించుకోండి.