ట్యూషన్ ఫీజు ఎగ్గొడుతున్నారు, ఏం చేయాలి?

ప్రశ్న: బీఈడీ అయింది. డీఎస్సీకి చదువుకుంటూ విజయనగరంలో ఇళ్లకు వెళ్లి లెక్కలు చెబుతున్నాను. మూడు ఇళ్ల నుంచి 13,500 రూపాయలు రావాలి. అందులో ఒకరు విశాఖ వెళ్లిపోయారు, ఒకరు మా చుట్టాలు. ఎప్పుడు అడిగినా రేపు, మాపు అంటున్నారు. ఇవి మానేసి ప్రైవేటు స్కూల్లో చేరిపోనా?

జవాబు: దీని కోసం మానేయకమ్మా. పాఠం బాగోకపోతే ఈపాటికి పిల్లల్ని మాన్పించేసేవాళ్లు, నీకు ఇబ్బందల్లా వసూలు దగ్గరే. స్కూల్లో చేరినా వేసవి సెలవులకు జీతం ఇస్తారా అని ముందే అడిగి చేరాల్సిందే కదా.

నువ్వు ఇప్పటిదాకా గుమ్మం దగ్గర నోటితోనే అడిగి ఉంటావు. వాళ్లు సిరిమాను పండగ వెళ్లాక అంటారు, అది వెళ్లాక సంక్రాంతి అంటారు, నువ్వు సరేనండీ అని వచ్చేస్తావు. ఈ రోజే వాట్సాప్‌లో పెట్టు: "నమస్కారమండీ, బాబుకి జూలై, ఆగస్టు, సెప్టెంబర్ ఫీజు నెలకు 1,500 చొప్పున 4,500 రావాలి. ఎప్పుడు పంపిస్తారో తేదీ చెప్పండి." కోపం, దెప్పుడు ఏమీ వద్దు. "వచ్చే నెల ఇస్తామమ్మా" అని వాళ్లు తిరిగి రాస్తే బాకీ ఉందని ఒప్పుకున్నట్టే, అది నీకు సాక్ష్యం. ఆ చాట్ చెరపకు, స్క్రీన్‌షాట్ తీశాం కదా అని ఫోన్ మార్చేయకు. పాత ఫీజులు ఫోన్‌పేలో వచ్చి ఉంటే అవీ పనికొస్తాయి, నెలకు ఎంత ఇచ్చేవారో అందులో తేలిపోతుంది.

విశాఖ వాళ్ల వెనక బస్సెక్కి తిరగకు. రెండు మూడు వాయిదాల్లో ఇమ్మని అడుగు. అప్పటికీ పలక్కపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పరిష్కరించమని అర్జీ పెట్టుకోవచ్చు. నువ్వు పాఠం చెప్పింది విజయనగరంలోనే కాబట్టి ఇక్కడే అడుగు. కోర్టు ఫీజు ఉండదు. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. అయితే అవతలివాళ్లు రావాలి, ఒప్పుకోవాలి, అక్కడ బలవంతం లేదు. రాజీ కుదిరితే మాత్రం లోక్ అదాలత్ ఇచ్చే అవార్డు, అంటే తీర్పు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు కూడా లేదు. చాలామంది నోటీసు చేతికి అందగానే డబ్బు పంపేస్తారు, పరువు సంగతి మరి. రాజీ కుదరక కోర్టుకే వెళ్లాల్సి వస్తే మామూలుగా మూడేళ్ల గడువు ఉంటుంది, అది దాటనివ్వకు. పోలీస్ స్టేషన్‌కి మాత్రం వెళ్లకు, ఇది సివిల్ వ్యవహారం అని పంపేస్తారు.

అపార్ట్‌మెంట్ గ్రూపులో వాళ్ల పేరు పెట్టడం, "మీ నాన్నను డబ్బులిమ్మను" అని పిల్లాడితో చెప్పించడం, ఈ రెండూ వద్దే వద్దు. వాడేం చేశాడు పాపం.

చుట్టాల సంగతంటావా, మీ అమ్మగారితో ఒక్కసారి అడిగించు. ఇవ్వకపోతే ఆ మొత్తం వదిలేసి, పాఠం కూడా అక్కడితో ఆపేయ్. నిష్ఠూరం వస్తుంది, రానీ.

ఇకపై కొత్త ఇంట్లో చేరిన రోజే ఫీజు ఎంతో, ఏ తేదీకి ఇవ్వాలో మెసేజ్ పెట్టి, ఏ నెల డబ్బు ఆ నెల ఐదో తారీఖు లోపు ముందుగానే తీసుకో. పదో తరగతి పిల్లలైతే జనవరిలోనే మార్చి దాకా ఫీజు తీసేసుకో. పరీక్షలు అయిపోయాక ఫోన్ ఎత్తరు.