ఈజిప్టు జంతు మమ్మీల్లో చాలావాటిలో జంతువే లేదట, పూజారులు భక్తులను మోసం చేశారా?

మోసం అసలు జరగలేదని అనను. కానీ ఖాళీగా ఉన్న ప్రతిదీ మోసం కాదు. మాంచెస్టర్ పరిశోధకులు 800కు పైగా జంతు మమ్మీలను స్కాన్ చేస్తే దాదాపు మూడో వంతులో జంతువు ఆనవాలే లేదు. మట్టి, రెల్లు, పుల్లలు, ఈకలు, గుడ్డు పెంకులు కనిపించాయి. 2015లో ఆ వార్త రాగానే ‘నకిలీ’ అని ముద్ర వేసేశారు. నన్నడిగితే ఇవి ముడుపులు. గుడ్డలో చుట్టి, మొక్కు చెప్పుకుని దేవుడికి అప్పగించేవి. దేవుడి పక్షి రాల్చిన ఈక కూడా దేవుడి సొత్తే కదా.

పని ఎలా జరిగేదో చూడండి. ఈజిప్టులోని పాత శ్మశానం సక్కారాలో, జ్ఞానదేవుడు థోత్‌కి సమర్పించిన ఐబిస్ పక్షులే లక్షల్లో ఉన్నాయి. మన చెరువుల్లో తిరిగే తెల్లకంకణానికి దగ్గరి చుట్టం ఆ పక్షి. పొడవాటి మెడ మడిచి ఒంటికి ఆనించాలి, కాళ్లు పొట్టకు ముడవాలి. నేట్రాన్‌లో ఆరబెట్టి, లేదా కరిగించిన గుగ్గిలంలో ముంచి, నారబట్ట పేలికలు చుట్టి, కుండలో పెట్టి మూతకు గచ్చు పూయాలి. నేట్రాన్ సోడా ఉప్పే, ఒంట్లో నీరంతా లాగేస్తుంది. తొందరపడి పేగులు తీయకుండా, తేమ ఆరకుండా చుట్టేస్తే లోపలినుంచే కుళ్లి పురుగు పడుతుంది. చివరికి విడి ఎముకలే మిగులుతాయి.

‘ఈజిప్టువాళ్లు పిల్లుల్ని దేవతల్లా చూసుకున్నారు’ అని తెగ రాస్తారు. 2020లో బ్రిటన్‌లోని స్వాన్సీ విశ్వవిద్యాలయ పరిశోధకులు స్కాన్ చేసిన పిల్లి మమ్మీని చూస్తే, ఆ పిల్లికి 5 నెలలు కూడా నిండలేదు. కొన్ని పళ్లు ఇంకా దవడ ఎముకలోనే ఉన్నాయి. మెడ విరిగి ఉంది. అదే పరిశోధనలో చూసిన తాచుపాము మూత్రపిండాలు సున్నం కట్టి ఉన్నాయి, అంటే బతికినన్నాళ్లూ నీళ్లు సరిగా అందలేదు. తోక పట్టుకుని నేలకు బాది చంపినట్టు ఎముకలు చెబుతున్నాయి. మొక్కుల కోసం పెంచి, మొక్కుల కోసం చంపిన ప్రాణులివి.

అసలు మోసానికి సాక్ష్యం స్కాన్‌లో కాదు, కుండపెంకుల మీద ఉంది. క్రీ.పూ. 2వ శతాబ్దంలో సక్కారా ఐబిస్ ఆలయంలో పనిచేసిన హోర్ అనే లేఖకుడు అక్కడి అక్రమాల గురించి రాసి పెట్టాడు. ‘ఒక కుండలో ఒక దేవుడు’ అన్న నియమం ఆ రాతల్లోనే ఉంది, దేవుడంటే ఇక్కడ ఆ పక్షే. కుండకో పక్షి ఉండాలని పట్టుబట్టారంటే, అలా పెట్టనివాళ్లు ఉన్నట్టే.

ఖాళీ మమ్మీల గురించి ఇంత గోల చేసేవాళ్లు 1890 సంగతి మాత్రం ఎత్తరు. ఈజిప్టులోని బేనీ హసన్ అనే చోట దొరికిన సుమారు 1,80,000 పిల్లి మమ్మీలు, 19 టన్నుల బరువు, ఓడలో లివర్‌పూల్ చేరి వేలంలో అమ్ముడుపోయాయి. చాలావరకు పొడి చేసి పొలాలకు ఎరువుగా చల్లేశారు. స్కాన్ చేయడానికి మిగిలింది ఏ కొన్నో.