బుజ్జికి, ఫ్రెంచి సినిమా వెయ్యబోయే ముందు

బుజ్జీ,

మీ కాలేజీ ఫిల్మ్ క్లబ్బులో 'కే దెజోర్ఫేవ్ర్' వేస్తున్నారని, ముందు పది నిమిషాలు నువ్వే మాట్లాడతావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఎంత గర్వంగా అనిపించిందో! రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

సౌండు ముందురోజే చూసుకో. వెనక వరసలో కూర్చుని సబ్‌టైటిల్స్ కనిపిస్తున్నాయో లేదో చూడు. హంతకుడెవరో చెప్పకు. పేరుకు అర్థం చెప్పు: పారిస్‌లో సీన్ నది ఒడ్డున పోలీసు హెడ్డాఫీసు ఉండిన వీధి. 1943లో జర్మన్ల చేతిలో ఉన్న కంపెనీకి సినిమా తీశాడని యుద్ధం అయ్యాక ఈ సినిమా దర్శకుడు క్లూజో మీద నిషేధం పెట్టారు. 1947లో దీనితోనే తిరిగొచ్చాడు. ఆ సంగతి రెండు ముక్కల్లో చెబితే చాలు.

ఇక నా తప్పు విను. 1984లో మా ఫిల్మ్ సొసైటీలో ఇదే సినిమా వేశాం. ఇంగ్లీషు అందుకోలేనివాళ్ళ కోసం కథ, ముఖ్యమైన మాటలు తెలుగులో రాసి సైక్లోస్టైల్ తీసి పంచేవాణ్ణి. ఫొటోగ్రాఫర్ డోరా తన స్నేహితుడి భార్య జెన్నీని ప్రేమిస్తుంది. ఆ మాట పైకి అనదు. జెన్నీని కాపాడాలని హత్య జరిగిన ఇంటికి వెళ్ళి వేలిముద్రలు తుడిచేస్తుంది. చివర్లో ఇన్‌స్పెక్టర్ ఆంత్వాన్ ఆమెతో, నువ్వూ నాలాంటిదానివే, ఆడవాళ్ళ విషయంలో మనకు కలిసిరాదు అనే అర్థం వచ్చే మాట అంటాడు. ఎగతాళి కాదు, తోటి మనిషితో అన్నట్టు అంటాడు. కుటుంబాలు వచ్చే హాలు, ఎవరేమంటారోనని భయపడి ఆ మాట ఎగరగొట్టేశాను. డోరాను 'స్నేహితురాలు' అని రాసి ఊరుకున్నాను.

సినిమా అయ్యాక ఒక టీచరమ్మ కాగితం పట్టుకుని వచ్చింది. ఎప్పుడూ ఒంటరిగా వచ్చి, కిటికీ పక్క కుర్చీలో కూర్చునే మనిషి. "ఇక్కడ ఆయన డోరాతో ఏమన్నాడండీ? ఇందులో లేదే" అంది. నేను కుర్చీలు సర్దుతూ, "ఏం లేదమ్మా, పోలీసు మాటలు" అన్నాను. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమెకు ఇంగ్లీషు బాగా వచ్చు. తెర మీద చదివే అడిగిందని ఇంటికెళ్ళాక తట్టింది. మరుసటి నెల రాలేదు. మరెప్పుడూ రాలేదు. బదిలీ అయిందేమో. నాకు మాత్రం ఆ కిటికీ పక్క కుర్చీ ఇప్పటికీ కనిపిస్తుంది.

అందుకే నీ నోట్సు చూసి కోపం వచ్చింది. "డోరా బాధితురాలు, పోలీసు దుర్మార్గుడు" అని రాశావు. ఎందుకే అంత తొందర? డోరా అబద్ధాలాడింది, సాక్ష్యం చెరిపింది. క్రిస్మస్ రాత్రి జెన్నీ భర్త లాకప్‌లో మణికట్టు కోసుకునేదాకా తెచ్చింది ఆంత్వాన్ బృందమే. ఆ ఆంత్వానే డోరాను అర్థం చేసుకున్నాడు. వలస దేశాల నుంచి తెచ్చుకున్న నల్లజాతి రక్తం కలిసిన కొడుకును ఒంటరిగా పెంచుకుంటున్నదీ అతనే. ఆ పిల్లాణ్ణి వింతగా చూపించలేదు, తండ్రి బెంగపడే కొడుకులాగే చూపించారు. ఇవన్నీ ఒకే మనిషిలో ఉన్నాయి. నువ్వు దేన్నీ కత్తిరించకు. నేను ఒకటి కత్తిరించాను, చాలు.

ఆ మాట దగ్గర హాల్లో ఎవరైనా నవ్వుతారేమోనని నాకు ఇక్కణ్ణుంచే టెన్షన్‌గా ఉంది. నవ్వితే నవ్వనీ, నువ్వు కంగారుపడకు. సినిమా అవ్వగానే లైట్లు వెయ్యకు. అందరూ వెళ్ళాక ఎవరైనా ఆగి ఏమైనా అడిగితే, చేతిలో పని పక్కన పెట్టి, వాళ్ళ ముఖం చూసి, ఉన్నదున్నట్టు చెప్పు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్యి, మేలుకునే ఉంటాను.

మీ పెదనాన్న