మార్చి 1న అపలాచియన్ ట్రెయిల్ మొదలుపెట్టొచ్చా?

మీ ప్లాన్ చదివాను. అమెరికా తూర్పు కొండల మీదుగా పోయే ఈ పొడవాటి కాలిబాటని మార్చి 1న జార్జియాలోని స్ప్రింగర్ మౌంటెన్ దగ్గర మొదలుపెట్టి, మెయిన్ రాష్ట్రంలోని కటాడిన్ కొండ దాకా ఒక్క సీజన్‌లోనే నడవాలనుకుంటున్నారు. వసంతమే కదా అని 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే దాదాపు 4 సెల్సియస్ చలి దాకా ఆపే స్లీపింగ్ బ్యాగ్ కొన్నారు. రోజుకు 15 మైళ్లు లెక్కేసుకున్నారు. రాత్రిళ్లు షెల్టర్లున్నాయి కాబట్టి టెంట్ మోయక్కర్లేదంటున్నారు. ఇది సరిపోతుందా అని మీ ప్రశ్న.

సరిపోదండీ. టెంట్ సంగతి తప్పిస్తే అచ్చంగా ఇదే ప్లాన్‌తో 2022 మార్చి 3న నేను బయల్దేరాను. 207 మైళ్లు నడిచి, స్మోకీ పర్వతాల మధ్యలో న్యూఫౌండ్ గ్యాప్ దగ్గర ట్రెయిల్ దిగి ఇంటికొచ్చేశాను. మరుసటి ఏడాది ఏప్రిల్ 5న మళ్లీ మొదలుపెట్టి సెప్టెంబరు 28న కటాడిన్ ఎక్కాను. కాబట్టి రెండు రకాలుగానూ చూసినవాడి మాటగా తీసుకోండి.

అసలు పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, మనం ఊళ్ల వెదర్ చూసుకుంటాం. జార్జియా అంటే దక్షిణం, మార్చిలో అట్లాంటాలో టీషర్టుతో తిరుగుతారు, ఇంకేం చలి అనుకుంటాం. కానీ ఈ ట్రెయిల్ లోయల్లో పోదు, శిఖరాల వెన్ను పట్టుకుని పోతుంది. స్ప్రింగర్ ఎత్తే 3,782 అడుగులు. స్మోకీస్‌లో కువోహి 6,643 అడుగులు, మొత్తం ట్రెయిల్‌లో అదే అన్నిటికంటే ఎత్తు. నేను నడిచినప్పుడు దాన్ని క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారు, 2024లో పాత చెరోకీ పేరే మళ్లీ పెట్టారు. కింద ఊరికీ పైన శిఖరానికీ 10 నుంచి 20 డిగ్రీల ఫారెన్‌హీట్ తేడా మామూలే. పైగా మార్చిలో చెట్లన్నీ మోడులు. గాలికి అడ్డం ఉండదు, ఎండకూ నీడ ఉండదు. మొదటి వారంలో ఒకే రోజు మెడ కమిలి, రాత్రి నీళ్ల సీసా గడ్డకట్టింది.

అందరూ మంచు గురించే అడుగుతారు. నిజానికి మంచు పడితే అంత భయం లేదు. దులిపేసుకుంటే పోతుంది. భయపడాల్సింది వానకి, అదీ గడ్డకట్టే చలికి కాస్త పైన, 35, 38 డిగ్రీల ఫారెన్‌హీట్‌లో పట్టే ముసురుకి. నాకది అయిదో రోజున ట్రే మౌంటెన్ దగ్గర తెలిసింది. పొద్దున్నుంచీ వాన. ఎక్కుతున్నంతసేపూ ఒంట్లో వేడి ఉంది, బాగానే ఉన్నాననుకున్నాను. రెయిన్ జాకెట్ లోపల చెమటతో తడిసి ముద్దయ్యానని గమనించలేదు. షెల్టర్ చేరి నడక ఆపిన పది నిమిషాల్లో వణుకు మొదలైంది. వేళ్లు కొంకర్లు పోయి బ్యాగ్ బకిల్ ఊడదీయలేకపోయాను. లైటర్ చక్రం తిప్పడానికి బొటనవేలు మాట వినలేదు. అక్కడే ఉన్న ఒక పెద్దాయన నా వాలకం చూసి, తడిబట్టలు విప్పించి, నీళ్లు కాచి, గట్టి ప్లాస్టిక్ సీసాలో పోసి మూత బిగించి నా స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టాడు. ఆ సీసాని రెండు తొడల మధ్య పెట్టుకుని గంటన్నర పడుకున్నాక గానీ నా మాట నాకు సరిగ్గా రాలేదు. ఆ రాత్రి నాతో ఉన్నది మీరు కొన్నలాంటి 40 డిగ్రీల బ్యాగే.

ఇక్కడో చిన్న కిటుకు ఉంది. స్లీపింగ్ బ్యాగ్ మీద కొట్టొచ్చినట్టు రాసే నంబరు చాలాసార్లు 'లిమిట్' రేటింగ్. అంటే ముడుచుకుని పడుకుంటే ఏదోలా తెల్లారుతుందని. హాయిగా నిద్రపట్టేది 'కంఫర్ట్' రేటింగ్‌లో. అది లేబుల్ మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది. మార్చిలో వెళ్లేటట్టయితే కంఫర్ట్ రేటింగ్ 20 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 7 సెల్సియస్ ఉన్నది తీసుకోండి. కింద పరిచే మ్యాట్ మీద కూడా పిసినారితనం చూపించకండి, ఎందుకంటే సగం చలి నేల నుంచే వస్తుంది. ఒక జత పొడిబట్టలు, ఉన్ని సాక్సులు వాటర్‌ప్రూఫ్ సంచీలో పెట్టుకుని, పడుకునేటప్పుడు తప్ప ముట్టకండి. పొద్దున్నే తడిసిన చల్లటి బట్టలు మళ్లీ ఒంటికి తగిలించుకోవడం ఎంత నరకమో చెప్పలేను. అయినా అదే చేయాలి. కాటన్ ఒక్క ముక్క కూడా వద్దు, తడిస్తే ఒంట్లో వేడంతా పీల్చేస్తుంది.

వాటర్ ఫిల్టర్ విషయం ఎక్కువమంది మర్చిపోతారు. గొట్టాల్లాంటి సన్నటి పీచులతో చేసిన ఫిల్టర్ ఒక్కసారి వాడాక లోపల తడి ఉండిపోతుంది. అది గడ్డకడితే ఆ పీచులు పగులుతాయి. బయటికి ఏమీ కనిపించదు, నీళ్లు కూడా మామూలుగానే వస్తాయి, కానీ వడగట్టడం మాత్రం జరగదు. రాత్రి దాన్ని జిప్ కవర్లో వేసి స్లీపింగ్ బ్యాగ్‌లో పక్కనే పెట్టుకోండి. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి, ఈ రకం ఫిల్టర్లు వైరస్‌లను ఆపలేవు. షెల్టర్ల దగ్గర నోరోవైరస్ వాంతులు వసంతంలో చుట్టుకుంటూ ఉంటాయి, దానిమీద శానిటైజర్ కూడా పెద్దగా పనిచేయదు. చేతులు కడుక్కోవడానికి చిన్న సబ్బు ముక్క పెట్టుకోండి.

టెంట్ అక్కర్లేదన్నారు చూడండి, దయచేసి ఆ ఆలోచన మానుకోండి. ట్రెయిల్ పొడవునా 250కి పైగా షెల్టర్లున్న మాట నిజమే. కానీ అవి మూడు వైపులే గోడలున్న కొట్టాలు, ముందొచ్చిన వాళ్లకే చోటు. మార్చిలో అందరూ ఒక్కసారే బయల్దేరుతారు కాబట్టి సాయంత్రం నాలుగింటికే నిండిపోతాయి. స్మోకీస్‌లో ఇంకో తిరకాసుంది. అక్కడ మార్చి 15 నుంచి జూన్ 15 దాకా ఒక్కో షెల్టర్‌లో నాలుగు చోట్లు ట్రెయిల్ మొత్తం నడిచేవాళ్లకు వదులుతారు, మిగతావి రిజర్వేషన్ చేసుకున్నవాళ్లవి. వాళ్లొస్తే మనం లేచి చోటివ్వాలి. షెల్టర్ నిండితే పక్కనే టెంట్ వేసుకోవాలి. రెండోసారి వెళ్లినప్పుడు రాత్రి తొమ్మిదింటికి, నేను గాఢ నిద్రలో ఉండగా, రిజర్వేషన్ ఉన్న నలుగురు తడిసిపోయి వచ్చారు. హెడ్‌ల్యాంప్ వెలుగులో, వడగళ్లలో టెంట్ వేశాను. టెంటే లేకపోతే ఏం చేసేవాణ్ణో!

ఆ స్మోకీస్ నేషనల్ పార్కు దాటడానికి పర్మిట్ 40 డాలర్లు. తీసుకున్న 38 రోజుల్లోపు వాడాలి, పార్కు దాటడానికి 8 రోజులిస్తారు. మరీ ముందుగా కొనేస్తే గడువు దాటిపోతుంది, బయల్దేరే ముందు రోజుల్లో కొనండి. అలాగే జార్జియాలో జారర్డ్ గ్యాప్ నుంచి నీల్ గ్యాప్ దాకా, మార్చి 1 నుంచి జూన్ 1 మధ్య రాత్రి ఉండాలంటే ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బా తప్పనిసరి. అది లేకపోతే ఆ ముక్క ఒక్కరోజులో దాటేయండి. నేను అదే చేశాను.

ఇక రోజుకు 15 మైళ్లు. నేను ట్రెయిల్ దిగిపోవడానికి కారణం చలి కాదు, ఇదే. మొదటి పది రోజులయ్యేసరికి ఊపిరి కుదురుకుంది, తొడలు గట్టిపడ్డాయి, ఒంట్లో కొత్త బలం వచ్చినట్టనిపించింది. అల్బర్ట్ మౌంటెన్ మీద ఫైర్ టవర్ దగ్గర వంద మైళ్లు పూర్తయ్యాయని తెగ సంబరపడి, ఆ మర్నాటి నుంచి 16, 17 మైళ్లు నడిచాను. కండరాలు, గుండె త్వరగా అలవాటు పడతాయి. కండరాల్ని ఎముకలకి కలిపే టెండన్లకి మాత్రం రక్తప్రసరణ తక్కువ కాబట్టి చాలా నిదానం, వాటికి నెలలు పడుతుంది. ఫాంటానా డ్యామ్ దాటాక ఎడమ మడమ వెనక పొద్దున్నే పట్టేసినట్టు ఉండేది. నడిస్తే సర్దుకునేది కదా అని నడిచాను. న్యూఫౌండ్ గ్యాప్ చేరేనాటికి మెట్టు దిగాలంటే పక్కకి తిరిగి దిగాల్సి వచ్చింది.

రెండోసారి మొదటి రెండు వారాలు రోజుకు 8 మైళ్లు, ఎక్కువలో ఎక్కువ 10. మధ్యాహ్నం రెండింటికే ఆగిపోయి కూర్చుంటే బోరు కొట్టేది, నన్ను దాటిపోయేవాళ్లని చూస్తే ఉక్రోషం కూడా వచ్చేది. వాళ్లలో కొందరిని తర్వాత మోకాళ్లకు పట్టీలతో ఊళ్లలో చూశాను. లెక్క కూడా చూడండి: మొత్తం 2,190 మైళ్లకు పైన. ఏప్రిల్ 5 నుంచి సెప్టెంబరు చివరిదాకా దాదాపు 178 రోజులు. సెలవు రోజులు కలుపుకున్నా సగటున 12 మైళ్ల పైచిలుకు చాలు. వర్జీనియా చేరాక 18, 20 వాటంతటవే వస్తాయి. కటాడిన్ ఉన్న బాక్స్‌టర్ పార్కులో అక్టోబరు మధ్య తర్వాత క్యాంపింగ్ ఉండదు, వాతావరణాన్ని బట్టి కొండ దారి కూడా మూసేస్తారు, దానికి రెండు వారాలు ముందే చేరిపోతారు. అందుకే మార్చి 1 దేనికి అంత తొందర అంటున్నాను.

ఏప్రిల్‌లో వెళ్తే ఇంకో సుఖం ఉంది. మీరు ఊహించుకుంటున్న వసంతం అప్పుడు దొరుకుతుంది. లోయలో తెల్లటి ట్రిల్లియమ్ పూలు బాట పక్కనంతా విచ్చుకుని ఉంటాయి. అదే రోజు రెండు వేల అడుగులు పైకెక్కితే మళ్లీ మోడులు, చలిగాలి. దిగితే మళ్లీ చిగుళ్లు. ఒక్క రోజులో రెండు మూడుసార్లు రుతువు మారుతుంది, నాకైతే మొత్తం ఆరు నెలల్లో అదే ఎక్కువ గుర్తుంది.

మిగతావి రెండు ముక్కల్లో: షూస్ ఒక సైజు పెద్దవి కొనండి, పాదాలు ఉబ్బుతాయి. చేతిలో పట్టుకునే నడక కర్రలు, అదే పోల్స్, తప్పకుండా, ముఖ్యంగా దిగేటప్పుడు. ఎండ వచ్చింది కదా అని చలి బట్టలు తొందరపడి ఇంటికి పంపకండి. వర్జీనియాలో మౌంట్ రోజర్స్, గ్రేసన్ హైలాండ్స్ దాటేదాకా ఉంచుకోండి. అది దాదాపు 500 మైళ్ల దగ్గర వస్తుంది, అక్కడ మే నెలలో కూడా నాకు గ్లోవ్స్ వేసుకోవాల్సి వచ్చింది.

సెలవు వల్లనో టికెట్ వల్లనో మార్చి 1 మార్చడం కుదరకపోతే, కనీసం ఆ 40 డిగ్రీల బ్యాగ్ తిరిగిచ్చేయండి. మే నెలకి కావాలంటే మళ్లీ కొనుక్కోవచ్చు.