పిల్లికూనకు ముందు వేడి, తర్వాతే పాలు

చిరంజీవి సౌమ్యకు,

పెద్దమ్మ దీవెనలు.

ఫోటో చూశాను. వానకు తడిసి ముద్దయి, కళ్ళు పుసులు కట్టి ఉన్న కూన. ముందుపళ్ళు నూక మొనల్లా వేలికి తగులుతున్నాయనీ, కోరలు ఇప్పుడిప్పుడే పొడుచుకొస్తున్నాయనీ రాశావు. వంటింటి త్రాసులో 280 గ్రాములు తూగిందట. అయితే వయసు మూడున్నర, నాలుగు వారాలు ఉంటుంది, బరువు మాత్రం ఉండాల్సిన దానికంటే తక్కువ. గేదె పాలు కాచి పట్టనా అని అడిగావు. ఇప్పుడు ఏ పాలూ వద్దు, గేదె పాలు ఎప్పుడూ వద్దు.

ఒళ్ళు చల్లబడ్డ కూనకు పేగులు కదలవు. పోసిన పాలు అరగక కడుపులోనే పులుస్తాయి, పొట్ట ఉబ్బుతుంది. మింగే బలం కూడా ఉండదు గనక సగం ఊపిరితిత్తుల్లోకి పోతాయి. దొరికిన కూనల్ని జాలి కొద్దీ చంపేది ఈ మొదటి చెంచాడు పాలే. అరుస్తున్నా సరే, ముందు వెచ్చబరచాలి.

నూలు చీర ముక్కతో ఒత్తి తుడువు, రుద్దకు. హెయిర్ డ్రయ్యర్ ఉంటే తక్కువ వేడిలో, రెండు జానల దూరం నుంచి పెట్టు. గాలి తగిలే చోట నీ రెండో చెయ్యి ఉంచితే ఎంత వేడో తెలుస్తుంది. ఆరాక అట్టపెట్టెలో పాత చీర మడతలు పరిచి పడుకోబెట్టు. టర్కీ తువ్వాలు వద్దు, ఆ దారాల ఉచ్చుల్లో గోళ్ళు ఇరుక్కుంటాయి. రబ్బరు వేణ్ణీళ్ళ సంచీ గానీ, గట్టి మూత ఉన్న గాజు సీసా గానీ గుడ్డ చుట్టి పెట్టెలో ఒక పక్కనే పెట్టు. తాగి పారేసే ప్లాస్టిక్ సీసాలు వేడికి మెత్తబడి కారతాయి. చుట్టిన సీసాను నీ మణికట్టు లోపలివైపు ఒక నిమిషం ఆనించి చూడు, చురుక్కుమంటే ఇంకో మడత చుట్టు. రెండో పక్క ఖాళీగా ఉండాలి, వేడెక్కువైతే అది పాక్కుంటూ అటు పోవాలి కదా. రెండు గంటలకోసారి నీళ్ళు మార్చు. చల్లారిన సీసా కూన ఒంట్లో ఉన్న వేడిని కూడా లాగేస్తుంది. ఈ వెచ్చబరచడం గంట నుంచి మూడు గంటలు పట్టాలి. తొందరపడి వేణ్ణీళ్ళలో ముంచడం, పొయ్యి దగ్గర పెట్టడం లాంటివి చెయ్యకు.

మందుల షాపులో డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొను. కొనకు వాజిలిన్ రాసి, మలద్వారంలో ఒక సెంటీమీటరు మాత్రం పెట్టు. 95 ఫారన్‌హీట్ లోపు, అంటే 35 సెల్సియస్ లోపు ఉన్నంతసేపు నోట్లో ఏ ఆహారమూ పడకూడదు. 99 దాటి 101 దాకా ఉంటే పాలకు సిద్ధమైనట్టే. (ఆ థర్మామీటర్ మీద మార్కర్‌తో పిల్లి బొమ్మ వేసి పెట్టు. మీ ఇంట్లో వాళ్ళు రేపు జ్వరమొస్తే నోట్లో పెట్టుకుంటారు.) అది చేతికి వచ్చేలోపు చిటికెన వేలు కూన నోట్లో పెట్టి చూడు. లోపల చల్లగా తగిలితే ఇంకా కాలేదన్నమాట.

ఈ మధ్యలో మెడ వాల్చేసి స్పృహ లేనట్టు అయిపోతే ఒంట్లో చక్కెర పడిపోయిందని అర్థం. చెంచా చక్కెరను రెండు చెంచాల గోరువెచ్చని నీళ్ళలో కరిగించి, వేలితో చిగుళ్ళకు పూయి. ఒకటి రెండు చుక్కలు, అంతే. నోట్లో పొయ్యకు.

ఒళ్ళు వెచ్చబడ్డాక మొదట పట్టాల్సింది ఓఆర్ఎస్. ఒక లీటరులో కలిపే పొట్లం, రుచులేవీ లేనిది తెచ్చుకో. అట్టడబ్బాల్లో పళ్ళరసంలా అమ్మేవన్నీ ఓఆర్ఎస్ కాదు. కాచి చల్లార్చిన నీళ్ళలో కలిపి, గోరువెచ్చగా, సూది తీసేసిన 1 మిల్లీలీటరు సిరంజితో పది పదిహేను నిమిషాలకోసారి అర మిల్లీలీటరు చొప్పున ఇవ్వు. మింగుతోందో లేదో గొంతు మీద చూపుడు వేలు ఆనించి చూస్తే తెలుస్తుంది. మింగకపోతే అక్కడితో ఆపి డాక్టరు దగ్గరికి పరిగెత్తు, వాళ్ళు చర్మం కిందకి సెలైన్ ఎక్కిస్తారు.

ఇక పాలు. ఆవు పాలలోనూ గేదె పాలలోనూ కూనకు అరగని లాక్టోజ్ అనే చక్కెర ఎక్కువ, కావాల్సిన మాంసకృత్తులు తక్కువ. తాగాక తృప్తిగానే పడుకుంటుంది, మర్నాటికి నీళ్ళ విరేచనాలు మొదలవుతాయి. ఇంత చిన్న ఒంటికి ఒక్క పూట విరేచనాలే ఎక్కువ. పెంపుడు జంతువుల దుకాణంలో పిల్లికూనల పాలపొడి అని అడుగు, డబ్బా మీద రాసిన కొలతకే కలుపు. చిక్కగా ఉంటే బలమని ఇంకో చెంచా వేశావంటే మలబద్ధకమో విరేచనాలో తప్పవు. ఈ రాత్రికి దుకాణం మూసేసి ఉంటే, కోడిమాంసం మెత్తగా ఉడికించి, మిక్సీలో నీళ్ళు పోసి రుబ్బి, వడకట్టిన జావతో ఒకటి రెండు పూటలు గడపొచ్చు. అందులో ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి ఏదీ పడకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లుల నెత్తుటి కణాలను పగలగొడతాయి.

కొలత ఇలా వేసుకో. ప్రతి 100 గ్రాముల బరువుకు రోజుకు సుమారు 20 మిల్లీలీటర్లు, ఒక్క పూటకు 4 మిల్లీలీటర్లు మించకుండా. నీ కూనకు రోజుకు 56, నాలుగు గంటలకోసారి అయితే ఆరు పూటలు, పూటకు 9. కడుపులో పట్టేది 11, కాబట్టి ఇంకా అడిగినా ఆపెయ్యి. మొదటి రోజు అందులో సగమే పెట్టు, ఎక్కువసార్లు పెట్టు. పాలు మణికట్టు మీద చుక్క వేస్తే వేడీ చలీ తెలియనంత వెచ్చగా ఉండాలి.

పట్టే భంగిమ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. పసిబిడ్డలా వెల్లకిలా ఒళ్ళో వేసుకోకు. పొట్ట కిందికి ఉండేలా, తల్లి దగ్గర తాగేటప్పుడు ఉన్నట్టే, గుడ్డ మీద కూర్చోబెట్టి తల కొంచెం పైకి ఉంచు. సిరంజి మొన పెదవి పక్క నుంచి నాలుక మీదకి పెట్టి, అది చీకుతున్న వేగానికే వదులు. ముక్కులోంచి పాలు వస్తే వెంటనే ఆపి, తల కిందికి వంచి తుడువు. ఆ తర్వాత దగ్గుతున్నా, ఊపిరి ఎగబీలుస్తున్నా న్యుమోనియా అవుతోందేమోనని అనుమానించాలి, తెల్లారేదాకా చూద్దాం అనుకోవద్దు. తాగాక తడిపిన దూదితో కింద మెల్లగా తుడుస్తూ ఉండు. ఈ వయసుకు మలమూత్రాలకు సొంతంగా వెళ్ళగలగాలి గానీ నీరసంగా ఉన్నది కొన్నాళ్ళు మానేస్తుంది. మూత్రం నీళ్ళలా ఉండాలి. ముదురు పసుపుగా ఉంటే ఒంట్లో నీరు చాలలేదని.

కళ్ళ సంగతి. పుసి, తుమ్ములు, ముక్కు కారడం మూడూ కలిస్తే ఎక్కువగా పిల్లి ఫ్లూ, అంటే హెర్పిస్, కాలిసీ వైరస్‌ల పని. మందుల షాపులో 100 మిల్లీలీటర్ల నార్మల్ సెలైన్ సీసా కొని, గోరువెచ్చగా చేసి, దూదిని తడిపి రెండు మూడు నిమిషాలు కంటి మీద అలాగే ఆనించు. పక్కు నానాక ముక్కువైపు నుంచి బయటికి తుడువు. కంటికొక దూది, గోటితో పీకకూడదు. మూసిన రెప్ప వెనక చీముతో ఉబ్బి ఉంటే ఆ రోజే చూపించాలి, లేకపోతే కన్ను పోతుంది. ఇంట్లో మిగిలిన కంటిచుక్కలు వెయ్యకు. డెక్సామెథాసోన్, బెటామెథాసోన్ వంటి స్టెరాయిడ్లు ఉన్నవి పుండు పడ్డ కంటిని ఇంకా పాడుచేస్తాయి.

ముక్కు మూసుకుపోయిన పిల్లికి వాసన తెలియదు, వాసన తెలియకపోతే తినదు. స్నానాల గదిలో వేణ్ణీళ్ళ బకెట్టు పెట్టి తలుపు మూసి, పెట్టెతో సహా పది నిమిషాలు కూర్చో. అమృతాంజనం, విక్స్, కర్పూరం, నీలగిరి తైలం దగ్గరికి కూడా రానివ్వకు, అవి పిల్లికి విషాలు. వీటన్నిటికంటే భయపడాల్సింది పారాసిటమాల్‌కి. మనకు రోజూ వాడే మాత్రే కానీ, దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. పెద్ద పిల్లిని కూడా ఒక్క మాత్ర చంపగలదు, ఇక కూనకు ఎంతని చెప్పను! ఒళ్ళు కాలుతున్నా ముక్క కూడా వెయ్యకు.

చెవుల వెనక, తోక మొదట్లో బొచ్చు విడదీసి చూడు. గసగసాల్లాంటి నల్లని పొట్టు కనబడితే తడి టిష్యూ మీద రాల్చి పెట్టు. చుట్టూ ఎర్రగా దిగితే అది గెంతే పేల మలం, అంటే కూన నెత్తురే. పేలు ఎక్కువైతే నెత్తురు తగ్గి చిగుళ్ళు సున్నం కొట్టినట్టు తెల్లబడతాయి. మన జడలకు వాడే పేల దువ్వెనతో దువ్వి, సబ్బునీళ్ళ గిన్నెలో ముంచి చంపెయ్యి. కుక్కలకు చల్లే పొడులు వద్దు, వాటిలో చాలావాటిలో ఉండే పెర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లి నరాలను దెబ్బతీస్తుంది. పుండులో పురుగులు పడితే కిరసనాయిలు, ఫినాయిల్ పొయ్యమనే వాళ్ళు వీధికొకరు ఉంటారు, విననట్టు ఊరుకో. నేలకి కూడా ఫినాయిల్ వద్దు. పెట్టెనూ గిన్నెలనూ ముందు సబ్బుతో కడిగి, బ్లీచ్ ద్రవం ఒక వంతుకు నీళ్ళు ముప్పై వంతులు కలిపి పది నిమిషాలు ఉంచి, మళ్ళీ శుభ్రంగా కడుగు. పిల్లుల పార్వో అనే వైరస్‌ను కూడా అది చంపుతుంది. ఆ జబ్బులో వాంతులు, దుర్వాసనతో విరేచనాలు అవుతాయి, నీళ్ళ గిన్నె ముందు తల వాల్చి కూర్చుంటుంది గానీ తాగదు. ఒక్కరోజులోనే ప్రాణం పోవచ్చు కాబట్టి గంటలు లెక్కపెట్టుకోవాలి.

ఈ కూనను రెండు వారాలు వేరే గదిలో ఉంచు, మీ పెద్ద పిల్లిని కలవనివ్వకు. కరిచినా గీరినా సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడుక్కుని, ప్రభుత్వాసుపత్రిలో రేబిస్ సూదులు మొదలుపెట్టించుకో. కూన కదా అని వదిలెయ్యకు. మీ వదిన కడుపుతో ఉందన్నావు, దాని మలం తనతో తీయించొద్దు, నువ్వే ఏ రోజుకారోజు తీసెయ్యి.

రేపు పొద్దున్నే డాక్టరుకు చూపించు. గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దగ్గరే. మలం కొంచెం చిన్న డబ్బాలో పట్టుకెళ్ళు. నులిపురుగుల మందు ఈ వయసుకు వెయ్యొచ్చు గానీ మోతాదు బరువును బట్టి ఉంటుంది, వాళ్ళే చెప్పాలి. రెండు వారాలకోసారి మళ్ళీ వెయ్యాలి. మలంలో సేమ్యా పోగుల్లాంటివి పడితే బెదిరిపోకు, మందుకు పురుగులు బయటికొస్తున్నాయని అర్థం. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మొదలవుతాయి, రేబిస్ టీకా మూడో నెలలో.

కోలుకున్నాక పెరుగన్నంతో పెంచుదామని మీ అమ్మ అంటుంది. పిల్లి మాంసాహారి అని నేను చెప్పానని చెప్పు. మాంసంలో దొరికే టారిన్ అనే పోషకం అందకపోతే కొన్నాళ్ళకు కళ్ళూ గుండే దెబ్బతింటాయి. పాలపొడి కలిపిన పాలలో తడిపిన కూనల మేతతో మెల్లగా మొదలుపెట్టు.

ప్రతిరోజూ ఒకే వేళకు, పాలు పట్టకముందు తూచి కాగితం మీద రాసుకో. రోజుకు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి. ఒకరోజు పెరగకపోతే కనిపెట్టి ఉండు, తగ్గితే మాత్రం డాక్టరుకు ఫోన్ చెయ్యి. ఈ రాత్రికి రెండు గంటలకోసారి అలారం పెట్టుకుని సీసా మార్చు. పొద్దున్న త్రాసు ఎంత చూపించిందో నాకు మెసేజ్ పెట్టు.

మీ పెద్దమ్మ