హిప్పీ చెవిలో పువ్వు

ప్రశ్న: వీడియో గేముల్లో, కార్టూన్లలో హిప్పీ అనగానే పూలు అతికిస్తారెందుకు?

జవాబు: ఆ పూలు యుద్ధం మీద పుట్టాయండీ! హిప్పీలంటే 1960ల అమెరికాలో కట్టుబాట్లనూ యుద్ధాన్నీ కాదన్న కుర్రకారు. 1965లో అమెరికాలోని బర్క్‌లీలో వియత్నాం యుద్ధాన్ని ఎదిరిస్తున్న కుర్రాళ్లకు కవి ఆలెన్ గిన్స్‌బర్గ్ ఒక ఉపాయం చెప్పాడు: పోలీసులకు పూలివ్వండి. 1967 అక్టోబరు 21న అమెరికా రక్షణశాఖ కార్యాలయం పెంటగాన్ దగ్గర ఒకబ్బాయి సైనికుల తుపాకీ గొట్టాల్లో పూలు గుచ్చుతుంటే బెర్నీ బోస్టన్ ఫొటో తీశాడు. చిత్రమేమిటంటే, ఆయన పనిచేసే పత్రికే దాన్ని లోపలి పేజీలో పడేసింది. తర్వాత లోకమంతా చూసింది లెండి.

ఇక రెండేళ్లకే, 1969లో, స్కూబీ డూ కార్టూన్లో వ్యాను మీద నారింజరంగు పూలు. దయ్యాలను వెతికే పిల్లలకు వియత్నాంతో ఏం పని? రంగు మిగిలింది, కోపం రాలిపోయింది. నాకదే కొంచెం బాధ. 1994లో జపాన్‌లో వచ్చిన ‘ఎర్త్‌బౌండ్’ గేములోనైతే హిప్పీ ఏకంగా శత్రువు. కొట్లాట మధ్యలో స్కేలు తీసి కొలతలు వేస్తాడు! వెక్కిరింతే అయినా, నాకు పూల వ్యాను కంటే వాడే నచ్చాడు.