నీట్ సీటు రాలేదు, నర్సింగ్ చదివి మన్యంలోనే పనిచేస్తానంటోంది, పంపించాలా?

ప్రశ్న: మాది పాడేరు దగ్గర కొండమీద ఊరు, ఎస్టీలం, ఇంట్లో కువి మాట్లాడతాం. అమ్మాయి ఇంటర్ బైపీసీ పాసయింది, నీట్‌లో సీటు రాలేదు. నర్సింగ్ చేసి మనోళ్ళకే వైద్యం అందేలా చూస్తానంటోంది. నాకు లాంగ్ టర్మ్ కోచింగ్ పెట్టించి డాక్టర్ని చేయాలనుంది. నర్సింగ్‌కి విలువుంటుందా సార్?

జవాబు: నమస్తే అండి. ముందు నీట్ సంగతి. ఎస్టీ కటాఫ్‌కి కొద్ది మార్కుల్లో ఆగిపోయి, మళ్ళీ రాస్తానని తనే అంటే ఒక్క ఏడాది పెట్టించండి. తనకి ఇష్టం లేకుండా మాత్రం వద్దు, ఆ ఏడాదీ ఆ డబ్బూ రెండూ పోతాయి.

ఇక విలువ అన్నారు కదా, మీ ఊళ్ళో ఎవరికైనా ఒంట్లో బాలేకపోతే ముందు ఎవరి దగ్గరికెళ్తారో మీరే ఆలోచించండి. డాక్టర్ ఉండేది పీహెచ్‌సీలో, సబ్ సెంటర్లో ఉండేది ఏఎన్ఎం, కొన్నేళ్ళుగా కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్ కూడా, మన దగ్గర ఎంఎల్‌హెచ్‌పీ అంటారు కదా, నర్సింగ్ చదివి వచ్చే వాళ్ళే. బీపీ, షుగర్ చూడ్డం, గర్భిణులకి చెకప్, మందులివ్వడం, అవసరమైతే ఫోన్లో డాక్టర్‌తో మాట్లాడించడం ఇదంతా వాళ్ళ పనే. మైదానంలో 5,000 మందికి ఒక సబ్ సెంటరైతే కొండ ప్రాంతాల్లో 3,000 మందికే ఒకటి ఉండాలని రూల్ పెట్టారు, ఎందుకంటే గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చే చోట లెక్క అందరికీ ఒకటే ఉంటే న్యాయం జరగదు. అయితే సెంటర్ దగ్గర్లో ఉన్నంత మాత్రాన సరిపోదండి, లోపలున్న మనిషికి మన మాట అర్థం కావాలి.

సికిల్ సెల్ సంగతే చూడండి, గిరిజనుల్లో ఎక్కువగా కనిపించే రక్తం జబ్బు, 2023 జులైలో కేంద్రం దీని మీద పెద్ద మిషన్ మొదలుపెట్టి 40 ఏళ్ళ లోపు వాళ్ళకి పరీక్షలు చేయిస్తోంది. పరీక్ష చేయడం తేలికే, భార్యాభర్తలిద్దరిలోనూ జబ్బు బయటపడకుండా దాని జన్యువు మాత్రమే ఉంటే పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు ఉంటుందని వాళ్ళు భయపడకుండా, సిగ్గుపడకుండా ఉండేలా చెప్పడమే కష్టం. బయట నుంచి వచ్చినోళ్ళు తెలుగులో గబగబా చెప్పేస్తే మన ముసలోళ్ళు తలూపి ఇంటికెళ్ళిపోతారు, అదే మీ అమ్మాయి కువిలో చెప్తే కూర్చుని తిరిగి ప్రశ్నలడుగుతారు. ఇది ఏ కోచింగ్‌లోనూ నేర్పేది కాదు, తనకి ఇంట్లోనే వచ్చింది.

చదువు విషయానికొస్తే జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా కన్నా నాలుగేళ్ళ బీఎస్సీ నర్సింగే మేలు. ఇదివరకు హెల్త్ ఆఫీసర్ ఉద్యోగానికి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు విడిగా చేయాల్సొచ్చేది, ఇప్పుడు బీఎస్సీ సిలబస్‌లోనే కలిపేశారు. పైన రెండేళ్ళ ఎంపీహెచ్, అంటే ప్రజారోగ్యంలో పీజీ చేస్తే జిల్లా ప్రోగ్రాముల్లో, ఎన్జీవోల్లో కూడా అవకాశాలుంటాయి, కొండ ఊళ్ళకి ఏం కావాలో నిర్ణయించే మీటింగుల్లో మనోళ్ళు కూర్చోవాలంటే ఈ దారి ముఖ్యం అని నా గట్టి నమ్మకం. ఒకటి మాత్రం దాచకుండా చెప్తున్నా, ఈ హెల్త్ ఆఫీసర్ పోస్టులు కాంట్రాక్టువి, కాబట్టి పర్మినెంట్ స్టాఫ్ నర్స్ నోటిఫికేషన్లు కూడా చూస్తుండాలి.

కాలేజీ దగ్గర జాగ్రత్త. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా, పిల్లల్ని ట్రైనింగ్‌కి నిజంగా పేషెంట్లున్న ఆసుపత్రికి పంపుతారా అని సీనియర్లనే అడగండి. సీటు కన్వీనర్ కోటాలోనే తీసుకోండి, ఫీజు రీయింబర్స్‌మెంట్ దానికే వస్తుంది. ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ నోటిఫికేషన్ వచ్చేలోపు కుల, ఆదాయ సర్టిఫికెట్లు తీసి పెట్టుకోండి, ఆఖర్లో వీటికోసం తిరుగుతూ సీటు పోగొట్టుకునే పిల్లలు చాలామందే ఉన్నారు.